మూడు వాటాల ఇంట్లో ఒకే ఫైబర్ కనెక్షన్: సాయంత్రం వేగం పడిపోతే లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: తోటపాలెం, విజయనగరం

అందరికీ నమస్కారం. విజయనగరం తోటపాలెంలో మాది మూడు వాటాల ఇల్లు. కింది వాటాలో అత్తగారు, మామగారు, మధ్య వాటాలో మేము, పై వాటాలో మా మరిది కుటుంబం ఉంటాం. ఇంటి మొత్తానికి ఒకే ఫైబర్ కనెక్షన్ తీసుకుని నెల బిల్లు మూడు వాటాలవాళ్లం పంచుకుంటున్నాం. ప్లాను ప్రకారం డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ రావాలి.

ఫైబర్ తీగ కింది హాలు కిటికీలోంచి లోపలికి వచ్చింది కాబట్టి మోడెమ్‌ను అక్కడే, టీవీ వెనుక గోడకు బిగించారు. మధ్య వాటా కోసం మెట్ల మలుపు దగ్గర వై-ఫై ఎక్స్‌టెండర్ ఒకటి పెట్టాం. పై వాటాకు మాత్రం మోడెమ్ నుంచి ఇంటి బయటి గోడ మీదుగా లాన్ కేబుల్ వేయించి, పైన ఒక పాత రౌటర్‌కు కలిపాం. ఇవి కాక గేటు దగ్గర, పెరట్లో, డాబా మీద మూడు సీసీ కెమెరాలు ఉన్నాయి. వాటి దృశ్యాలు ఎప్పటికప్పుడు క్లౌడ్‌లోకి వెళ్తుంటాయి.

ఇబ్బంది ఏమిటంటే, ఉదయం మోడెమ్ పక్కన ఫోన్‌తో వేగం చూస్తే 90 ఎంబీపీఎస్‌కు పైగానే వస్తోంది. మధ్య వాటాలో అది 30 దగ్గర ఆగిపోతుంది. పై వాటాలో ఏ వేళప్పుడు చూసినా, అర్ధరాత్రి అందరూ పడుకున్నాక చూసినా, 9 దాటదు. ఇక రాత్రి ఏడు నుంచి పది వరకు ఇల్లంతా ఒకటే అవస్థ. మోడెమ్ ఎదుట నిలబడి చూసినా డౌన్‌లోడ్ 40కి పడిపోతుంది, అప్‌లోడ్ 1 లేదా 2 చూపిస్తుంది, ఉదయం 12 మిల్లీసెకన్లు ఉండే పింగ్ (సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 300 దాటుతుంది. నేను విశాఖలోని ఒక సంస్థకు ఇంటి నుంచే పని చేస్తాను. మా సమావేశాలు ఎక్కువగా రాత్రి ఎనిమిదికే ఉంటాయి. నా మాట అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని రోజూ చెబుతున్నారు. మరిదికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు క్లౌడ్‌లో పెట్టి పార్టీలకు పంపడం ఆయన వృత్తి. శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేలోగా దీన్ని సరిచేసుకోవాలని ఉంది. కెమెరాలు ఆపమని మామగారిని అడగలేను, అడగడం నాకు న్యాయంగానూ తోచడం లేదు. కొత్త రౌటర్ కొనాలా, ప్లాన్ పెంచుకోవాలా, ప్రొవైడర్‌ను మార్చాలా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: నెట్‌వర్క్ ఇంజినీరు, శ్రీకాకుళం

తోటపాలెం గారూ, మీరు అంకెలు వేళలతో సహా ఇచ్చారు కాబట్టి ఇంత దూరం నుంచి కూడా కొంత చెప్పగలుగుతున్నాను. ముందుగా ఒక మనవి: ఇప్పుడే ఏదీ కొనకండి. మీ ఇంట్లో ఉన్నది ఒక సమస్య కాదు, మూడు వేర్వేరు సమస్యలు. మూడింటికీ మందు ఒకటే అనుకుని పెద్ద ప్లాన్ తీసుకుంటే, పై వాటాలో అప్పుడు కూడా 9 ఎంబీపీఎస్సే వస్తుంది.

ఆ 9 అనే అంకె దగ్గరే మొదలుపెడదాం. వై-ఫై బలహీనమైతే వేగం గదిని బట్టి, వేళను బట్టి, మనిషి అటూ ఇటూ కదిలినదాన్ని బట్టి మారుతూ ఉంటుంది. అర్ధరాత్రి కూడా మారకుండా 9 దగ్గరే నిలుస్తోందంటే, దారిలో ఎక్కడో 10 ఎంబీపీఎస్ గేటు పడిందన్నమాట. లాన్ కేబుల్ రెండు చివర్లలో ఉన్న పరికరాలు 1000, 100, 10 అనే వేగాల్లో రెండింటికీ వీలైన పెద్దదాన్ని ఎంచుకుంటాయి. తీగ పాడైతే చాలా పరికరాలు కింది మెట్టుకు దిగిపోతాయి. 100 మెట్టు మీద ఉంటే స్పీడ్ టెస్టులో 94 వరకు, 10 మెట్టు మీద ఉంటే 9 వరకు కనిపిస్తుంది. పై రౌటర్ సెట్టింగుల పేజీలో పోర్టు వేగం ఎంత చూపిస్తోందో చూడండి. అక్కడ 10 అని ఉంటే బయటి గోడ మీది కేబుల్‌నే అనుమానించాలి.

మధ్య వాటా సంగతి తేలిక. మామూలు ఎక్స్‌టెండర్ మోడెమ్ నుంచి విన్నదాన్ని అదే ఛానెల్ మీద మళ్లీ పలుకుతుంది. వినడానికీ పలకడానికీ ఒకే కాలాన్ని పంచుకోవాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. దానికి తోడు మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికే సంకేతం తగ్గి ఉంటుంది.

అసలైన చిక్కు మూడోది, రాత్రి వేళ వచ్చేది. డౌన్‌లోడ్ సగానికి పడటం కన్నా అప్‌లోడ్ 1కి పడిపోవడమూ, పింగ్ 300 దాటడమూ నాకు ముఖ్యంగా కనిపిస్తున్నాయి. అప్‌లోడ్ దారి నిండిపోయినప్పుడు కనిపించే లక్షణాలు ఇవే. దిగుమతి అయ్యే డేటాకు అందినట్టు రసీదు అదే అప్‌లోడ్ దారిలో వెనక్కి వెళ్లాలి. ఆ దారిలో వీడియో ఫైళ్లు బారులు తీరి ఉంటే రసీదులూ వాటి వెనుకే నిలబడతాయి. రసీదు రానిదే అవతలి సర్వరు తరువాతి విడత పంపదు. అందుకే అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా మందగిస్తుంది, మీ మాట ముక్కలవుతుంది.

ఇది నిర్ధారించుకోవడానికి రెండు పరీక్షలు చేయండి. రాత్రి ఎనిమిదికి ఇంట్లోవాళ్లందరికీ ముందుగా చెప్పి, ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కు కలపండి. మిగతా లాన్ కేబుళ్లు తీసేసి, మోడెమ్ వై-ఫై కూడా కాసేపు ఆపి వేగం చూడండి. 90కి పైగా వచ్చి పింగ్ ఉదయంలాగే ఉంటే ప్రొవైడర్ తప్పేమీ లేదు, లోపం ఇంట్లోనే ఉంది. అప్పుడు కూడా 40 దాటకపోతే ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా ప్రయోజనం ఉండదు. తరువాత అన్నీ మళ్లీ కలిపి, ల్యాప్‌టాప్‌లో 8.8.8.8 (గూగుల్ సర్వరు) చిరునామాకు పింగ్ ఆగకుండా నడుస్తుండగా ఒక్కొక్క పరికరాన్నీ ఆపుతూ రండి. ఏది ఆగినప్పుడు పింగ్ కిందికి దిగుతుందో గమనించండి.

జవాబు: ఫైబర్ పని చేసేవాడిని, చీపురుపల్లి

పైన ఇంజినీరు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. బయటి తీగల గురించి నాకు తెలిసినది కొంత కలుపుతాను.

మొదట ఫైబర్ సంగతి. మోడెమ్ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ (ఫైబర్‌లోంచి అందే కాంతి బలం) అని ఒక అంకె ఉంటుంది, డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మన వైపు ఇళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) పరికరాలకు మైనస్ 27 దాదాపు కడపటి హద్దు. ఆ దరిదాపుల్లో ఉంటే కనెక్షన్ ఒకసారి నిలుస్తుంది, ఒకసారి తెగుతుంది. మన జిల్లాల్లో ఫైబర్ ఎక్కువగా స్తంభాల మీదుగానే వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు స్తంభాలతో పాటు తీగలూ నేలకు ఒరిగాయి. అటువంటి ప్రతి గాలివానకూ దారిలో అతుకులు పెరుగుతాయి. మెషీన్‌తో సరిగ్గా వేసిన అతుకు వల్ల నష్టం చాలా స్వల్పమే కానీ, హడావుడిలో వేసిన అతుకులోకి తడి చేరితే పవర్ పడిపోతుంది. అయితే అటువంటి లోపం రాత్రి ఏడుకు మొదలై పదికి తగ్గదు, రోజంతా వేధిస్తుంది. కాబట్టి మీ విషయంలో ఇది కారణం కాకపోవచ్చు. అయినా ఆ అంకె ఒకసారి చూసి ఇక్కడ రాయండి.

రెండోది, గోడ మీది లాన్ కేబుల్. ఇక్కడే మీకు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. ఇళ్ల లోపల వాడవలసిన కేబుల్‌ను బయట వేస్తే మన ఎండకు దాని పైతొడుగు పగుళ్లు తీస్తుంది, వానకు నీరు లోపలికి దిగుతుంది. ధర తక్కువ అని అమ్మే కేబుళ్లలో చాలావాటికి లోపల ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. అది వంపు దగ్గర సులభంగా విరుగుతుంది, కొనకు క్లిప్ వేసిన చోట పట్టు వదులుతుంది. కొనేటప్పుడు పూర్తి రాగి అని పెట్టె మీద రాసి ఉన్నదే తీసుకోండి. క్యాట్ 5ఈ రకం కేబుల్ అయినా క్యాట్ 6 రకం అయినా 100 మీటర్ల వరకు పని చేస్తుంది, మీ ఇంటికి ఏదైనా సరిపోతుంది. ఈసారి బయటి గోడ వద్దు. మెట్ల పక్క నుంచి పీవీసీ పైపులో వేయించండి. బయట వేలాడే రాగి తీగ ఉరుములు మెరుపుల కాలంలో రెండు చివరల పోర్టులకూ ప్రమాదమే. మధ్యలో అతుకు వేయనివ్వకండి, కింది నుంచి పైకి ఒకే ముక్కగా ఉండాలి. ఎనిమిది తీగలూ క్లిప్‌లో కూర్చున్నాయో లేదో కేబుల్ టెస్టర్‌తో మీ ఎదుటే చూపించమనండి. నాలుగు తీగలు పని చేసినా 100 ఎంబీపీఎస్ వచ్చేస్తుంది, అందుకే ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. రేపు పెద్ద ప్లాన్ తీసుకున్న రోజున బయటపడుతుంది.

జవాబు: బొబ్బిలి

మూడు కుటుంబాలకు ఒకే కనెక్షన్ అనేదే ఈ తగువులకు మూలం అని నా అభిప్రాయం. ఎవరి కనెక్షన్ వారు తీసుకుంటే ఒకరి వీడియోలు మరొకరి సమావేశానికి అడ్డు రావు. మా అన్నదమ్ములం అలాగే చేశాం, ఇప్పుడు ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

జవాబు: నెట్‌వర్క్ ఇంజినీరు, శ్రీకాకుళం

బొబ్బిలి గారి సలహాను కాదనను. స్టూడియో పని పెరిగితే మరిదిగారికి విడిగా ఒక కనెక్షన్ ఉండటం సమంజసమే. కానీ కారణం తెలియకుండా ఆ పని చేస్తే నెలనెలా మూడు బిల్లులు కట్టవలసి వస్తుంది. పైగా మధ్య వాటాలో మోడెమ్‌ను మళ్లీ మూలనే పెడితే పడకగదిలో మళ్లీ అదే నత్తనడక. ముందు పరీక్షలు కానివ్వండి.

ప్రశ్న అడిగినవారు: తోటపాలెం

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన ప్రకారం చూశాను. ఆప్టికల్ పవర్ మైనస్ 19.6 ఉంది. పై రౌటర్ పేజీలో పోర్టు వేగం 10 అనే చూపిస్తోంది. మరిది డాబా మీద కేబుల్ వంపు దగ్గర తొడుగు విప్పి చూస్తే లోపలి తీగలు పచ్చబడి, రెండు తెగిపోయి ఉన్నాయి.

రాత్రి ఎనిమిదికి అన్నీ విప్పేసి ల్యాప్‌టాప్ ఒక్కటే కలిపినప్పుడు డౌన్‌లోడ్ 93, అప్‌లోడ్ 19.5, పింగ్ 12 వచ్చాయి. అన్నీ మళ్లీ కలిపాక పింగ్ పెరిగిపోయింది. మరిది కంప్యూటర్‌లో అప్‌లోడ్ ఆపగానే అది 40కి దిగింది. కెమెరాలు, మా పిల్లల ఫోన్లలో ఫొటోల బ్యాకప్ కూడా ఆపితే 12కు వచ్చింది. కారణం తెలిసింది కాబట్టి ఈ వారమే కేబుల్ మార్పించేద్దామని మరిది అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: నెట్‌వర్క్ ఇంజినీరు, శ్రీకాకుళం

చేయవచ్చు, కానీ ఒక్క కేబుల్ మార్చి ఊరుకోకండి. దయచేసి ఈ మాట మరిదిగారికి కూడా వినిపించండి. ప్రస్తుతం ఆ పాడైన కేబుల్ వల్ల ఆయన అప్‌లోడ్ 9 దగ్గర ఆగుతోంది. కెమెరాలు ఒక్కొక్కటి 2 ఎంబీపీఎస్ చొప్పున అనుకుంటే 6 తీసుకుంటున్నాయి. మిగిలిన కాస్తా ఫోన్ల బ్యాకప్‌తో నిండుతోంది. కేబుల్ బాగుపడిన మరునాడు ఆయన కంప్యూటర్ ఒక్కటే 20 ఎంబీపీఎస్‌నూ నింపగలదు. పై వాటాలో వేగం పెరుగుతుంది, కింది రెండు వాటాల్లో రాత్రి అవస్థ ఇప్పటికన్నా ఎక్కువవుతుంది. అప్పుడు ఇంట్లో అనవసరంగా ఒకరినొకరు అనుకునే పరిస్థితి రాకూడదని ఇంత విడమరచి రాస్తున్నాను.

అందుకని ముందుగా అప్‌లోడ్ దారికి ఒక క్రమం ఏర్పరచాలి. ఖర్చు లేని మార్గం ఏమిటంటే, కంప్యూటర్‌లోని క్లౌడ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టుకునే వీలు చాలావాటిలో ఉంటుంది. పగలూ సాయంత్రం దాన్ని 6 ఎంబీపీఎస్‌కు పరిమితం చేసి, పెద్ద ఫైళ్లను రాత్రి పదకొండు తరువాత పూర్తి వేగంతో వదలవచ్చు. లెక్క చూడండి: 20 జీబీ పెళ్లి వీడియో 9 ఎంబీపీఎస్‌తో వెళ్లడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. కేబుల్ బాగయ్యాక 17 ఎంబీపీఎస్‌తో పంపితే రెండున్నర గంటలు దాటి కాస్త పడుతుంది. రాత్రి పదకొండుకు మొదలుపెడితే తెల్లవారకముందే పార్టీకి లింకు పంపవచ్చు. అంటే వేళ మార్చుకోవడం వల్ల ఆయనకు నష్టం లేదు, లాభమే. కెమెరాలను ఆపవలసిన పని కూడా లేదు. కదలిక ఉన్నప్పుడు మాత్రమే క్లౌడ్‌లోకి పంపే అమరిక ఉంటే అది పెట్టండి. లోపల మెమరీ కార్డు పట్టే కెమెరాలైతే నిరంతర రికార్డింగ్ దానిలోకే వెళ్తుంది, మామగారికి కావలసిన భద్రతకు లోటు రాదు.

కొంత ఖర్చు పెట్టగలిగితే ఇంతకన్నా మంచి మార్గం ఉంది. బయటికి వెళ్లే డేటా వరుసను తానే తెలివిగా నడిపే రౌటర్ ఒకటి తీసుకోండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో ఎస్‌క్యూఎం అనే అమరిక ఉంటుంది. అందులో అప్‌లోడ్ హద్దును అసలు వేగంలో 85 శాతం దగ్గర, అంటే మీకు 17 దగ్గర పెట్టాలి. హద్దు కాస్త తగ్గించడం వల్ల వరుస మోడెమ్‌లో కాకుండా రౌటర్ చేతిలో ఏర్పడుతుంది. అప్పుడు అది పెద్ద ఫైలును పక్కకు జరిపి మీ మాటను, రసీదులను ముందు పంపుతుంది. ఎవరూ ఎవరినీ ఆపమని అడగనక్కరలేదు. మూడు కుటుంబాలు పంచుకునే ఇంట్లో నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇది పని చేయాలంటే ఇంట్లోని ప్రతి పరికరమూ ఆ రౌటర్ గుండానే వెళ్లాలి. మోడెమ్ వై-ఫైని ఆపేయాలి, లేకపోతే దానికి కలిసినవన్నీ దొడ్డిదారిన వెళ్లిపోతాయి. పై వాటా పాత రౌటర్‌ను కూడా యాక్సెస్ పాయింట్‌గా (వై-ఫై మాత్రమే పంచే పరికరంగా) మార్చండి. దానికి 192.168.1.2 లాంటి, వేరే పరికరానికి లేని చిరునామా ఇచ్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే అమరిక) ఆపేసి, కింది నుంచి వచ్చే కేబుల్‌ను వాన్ (ఇంటర్నెట్ వచ్చే) పోర్టుకు కాకుండా లాన్ పోర్టుకు పెట్టాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు రౌటర్లూ చిరునామాలు పంచుతూ ఇల్లంతా గందరగోళం చేస్తాయి. ఇప్పుడున్నట్టే వదిలేస్తే పై వాటాలోని పరికరాలన్నీ కలిసి కింది రౌటర్‌కు ఒక్క పరికరంలా కనిపిస్తాయి, పంపకం సమంగా జరగదు.

జవాబు: ఫైబర్ పని చేసేవాడిని, చీపురుపల్లి

పైపు వేయించేటప్పుడు అందులో రెండు కేబుళ్లు వేయించండి, ఒకటి పై వాటాకు, ఒకటి మధ్య వాటాకు. ఎక్స్‌టెండర్ తీసేసి మధ్య హాలులో కొత్త రౌటర్‌కు అనుబంధంగా చిన్న యాక్సెస్ పాయింట్ పెట్టుకోవచ్చు. శ్లాబులో ఇనుము ఉంటుంది కాబట్టి వై-ఫై వాడే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ సంకేతం ఒక అంతస్తు దాటడమే కష్టం. ప్రతి వాటాకూ తన పరికరం తనకు ఉండటం మంచిది. బీరువా పక్కన, టీవీ వెనుక పెట్టకండి, మనిషి తల ఎత్తున గోడ మీద బయటికి కనిపించేలా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మూడు వాటాలకూ 1, 6, 11 ఛానెళ్లను ఒక్కొక్కటి ఇవ్వండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే.

ప్రశ్న అడిగినవారు: తోటపాలెం

ఎంతో వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. మరిదికి చదివి వినిపించాను. వేళ మార్చుకోవడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు, పరిమితి పెట్టిన రాత్రే నా సమావేశం తెగకుండా సాగింది. పైపు పని, రెండు కేబుళ్లు, రౌటర్ వచ్చే నెల చేయిస్తాం. చివరగా ఒక్క సందేహం: ప్రొవైడర్ మనిషి 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకోమంటున్నాడు. అన్నీ సరిచేశాక అది అవసరమా?

జవాబు: నెట్‌వర్క్ ఇంజినీరు, శ్రీకాకుళం

ఆ ప్లాన్‌లో అప్‌లోడ్ ఎంత అని ఆయనను అడగండి. అదీ 20 దగ్గరే ఉంటే మీ ఇంటికి దానితో పని లేదు. మూడు టీవీలు ఒకేసారి నడిచినా మీకు 100 డౌన్‌లోడ్ సరిపోతుంది. అప్‌లోడ్ కూడా 100 అంతకుమించి ఇస్తానంటే మరిదిగారి పనికి అది నిజంగా ఉపయోగపడుతుంది, ముహూర్తాల నెలల ముందు తీసుకోవడం మంచిది. తీసుకునే ముందు మోడెమ్ లాన్ పోర్టు గిగాబిట్‌దో (1000 ఎంబీపీఎస్‌దో) కాదో అడిగి తెలుసుకోండి, 100 పోర్టు అయితే మోడెమ్ మార్చి ఇవ్వమనండి. నెలవారీ డేటా పరిమితి దాటాక వేగం ఎంతకు తగ్గుతుందో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ప్లాన్ మారిన రోజున ఎస్‌క్యూఎం హద్దును కొత్త వేగాలకు తగ్గట్టు మార్చాలి, లేకపోతే పాత 17 దగ్గరే ఆగిపోతారు.